పాత కోల్ట్ రివాల్వర్‌కి లింకు డాక్యుమెంట్లు వెతకడం ఎలా?

నమస్కారం అండీ. మనవాళ్ళు ప్లాటు కొనేటప్పుడు ముందు ఏం అడుగుతారు? లింకు డాక్యుమెంట్లు. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తెగిందా అని. నూట పాతికేళ్ళు దాటిన అమెరికన్ రివాల్వర్ కొనేవాళ్ళు కూడా అడగాల్సింది అదే. ఈరోజు ఆ లింకులు పట్టుకోవడం నేర్చుకుందాం. ఉదాహరణకి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ తీసుకుంటున్నాను. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న మోడల్. కౌబాయ్ సినిమాల్లో మీరు చూసేది ఎక్కువగా ఇదే.

చేతిలోకి తీసుకోగానే ఖాళీగా ఉందో లేదో చూడండి. హ్యామర్‌ని (తూటాని పేల్చే వెనకవైపు సుత్తిని) సగం వెనక్కి లాగి, కుడి పక్క చిన్న తలుపు తెరిచి, సిలిండర్ తిప్పుతూ ఆరు గదులూ చూడాలి. పాతదే కదా అని వదిలేయొద్దు.

ఇప్పుడు తలకిందులుగా తిప్పండి. సీరియల్ నంబర్ మూడు చోట్ల ఉంటుంది: ట్రిగ్గర్ గార్డ్‌కి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కమ్మీకి) ముందు ఫ్రేమ్ అడుగున, గార్డ్ మీద, పిడి అడుగున. మొదటి రోజుల్లో తయారైన వాటిలో సిలిండర్ మీద, బ్యారెల్ మీద కూడా కొట్టేవారు. టార్చి ఏటవాలుగా వేసి ఫోటో తీసుకోండి. అంకెల చుట్టూ లోహం కాస్త పల్లంగా, నున్నగా కనిపిస్తే పాత నంబర్ అరగదీసి కొత్తది కొట్టారేమోనని అనుమానించాలి. ఇంకోమాట, దాన్ని తోమొద్దు! చింతపండుతో ఇత్తడి చెంబు తోమినట్టు మెరిపించారంటే విలువ అక్కడికక్కడే పడిపోతుంది. ఆ గోధుమ రంగు పొరే దాని వయసు.

నంబర్లు కలవకపోతే నకిలీయేనా? చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. సైన్యం 1890ల మధ్యలో ఈ రివాల్వర్లను వెనక్కి తెప్పించి, ఏడున్నర అంగుళాల బ్యారెళ్ళను ఐదున్నరకి కోయించింది. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఎవరి భాగం ఎవరికి వెళ్ళిందో పట్టించుకోలేదు. పాత ఆయుధాలు సేకరించేవాళ్ళు వీటిని ‘ఆర్టిలరీ’ అంటారు. వాటిలో నంబర్లు కలవకపోవడమే మామూలు. అన్నీ చక్కగా కలిశాయంటే, ఎలా కలిశాయని అడగాలి. సైన్యం కొన్నవాటి చెక్క పిడి మీద తనిఖీ అధికారి ముద్ర కూడా ఉంటుంది. ఓ.డబ్ల్యూ.ఏ. అని ఉంటే ఆర్విల్ ఐన్స్‌వర్త్, తొలి ఏళ్ళ అధికారి. ఆ ముద్రకి గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే.

నంబర్ దొరికాక కోల్ట్ కంపెనీ ఆర్కైవ్స్‌కి (పాత రికార్డుల విభాగానికి) రాయండి. రుసుము కడితే, లెడ్జర్లలో ఆ నంబర్ ఉంటే ఒక ఉత్తరం పంపిస్తారు. ఏ రోజు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరింది, క్యాలిబర్ (తూటా సైజు), బ్యారెల్ పొడవు, ఎవరికి పంపారు అన్నవి ఉంటాయి. స్మిత్ అండ్ వెసన్‌కీ ఇలాంటి ఉత్తరమే వస్తుంది. అయితే ఆ ‘ఎవరికి’ అన్నచోట సాధారణంగా టోకు వ్యాపారి పేరుంటుంది. న్యూయార్క్‌లో హార్ట్‌లీ అండ్ గ్రాహమ్, సెయింట్ లూయిస్‌లో సిమన్స్ హార్డ్‌వేర్ లాంటివి. అక్కడి నుంచి ఏ పశువుల కాపరి కొన్నాడో ఉత్తరం చెప్పదు. మన లింకు తెగేది సరిగ్గా అక్కడే.

ఆ ఖాళీ పూడ్చడానికి కౌంటీ కోర్టుల్లో వీలునామా కాగితాలు, పాత పత్రికలు, జనగణన రికార్డులు తిరగేయాలి. 1890 జనగణన కాగితాలు 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయాయి. మనకి అవసరమైన కాలానికే ఆ బొక్క పడింది, ఖర్మ!

లింకు గట్టిగా ఉంటే ఏమవుతుందో చూడండి. 1881 జులైలో షెరిఫ్ ప్యాట్ గ్యారెట్ ‘బిల్లీ ద కిడ్’ అనే పేరుమోసిన బందిపోటుని కాల్చిన రివాల్వర్ ఈ మోడలే, నంబర్ 55093. గ్యారెట్ దాన్ని బిల్లీ ముఠాలోని బిల్లీ విల్సన్‌ని పట్టుకున్నప్పుడు తీసుకున్నాడు. తర్వాత అది ఎల్ పాసోలో టామ్ పవర్స్ అనే సెలూన్ (మద్యం దుకాణం) యజమాని దగ్గరికి చేరింది. పవర్స్ పోయాక, గ్యారెట్ భార్య అపొలినేరియా కోర్టుకెళ్ళి మరీ వెనక్కి తెచ్చుకుంది. కోర్టు తగాదా కన్నా మంచి లింకు డాక్యుమెంటు ఏముంటుంది చెప్పండి! 2021 ఆగస్టులో బోనమ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది.

చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది యాంటిక్, కానీ రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది, బాగుచేసినా పేలని పాత ఆయుధాలకే. పేలేదైతే లైసెన్సు కావాలి. కాబట్టి అక్కడ కొని సూట్‌కేసులో పెట్టుకొస్తానంటే కుదరదు.

చివరగా నా అనుభవం. ఒక అమ్మకందారు తన ముత్తాత 1882లో అరిజోనాలో డిప్యూటీగా (షెరిఫ్ సహాయకుడిగా) ఉన్నప్పుడు వాడినదని చెప్పి, ఆ కథకే అదనంగా డబ్బు తీసుకున్నాడు. రివాల్వర్ కొన్నాకే కోల్ట్ ఉత్తరం తెప్పించాను. అందులో ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ 1893. రివాల్వర్ అసలైనదే. నేను కొన్న ముత్తాతే నకిలీ.