రీకాంబినెంట్ హ్యూమన్ ఎఫ్‌జీఎఫ్‌-2 రివ్యూ: డేటాషీట్‌లో ముందు ఏ వరుస చదవాలి?

నమస్కారం. ఈ వీడియోలో మనం పరిశీలిస్తున్నది ఎఫ్‌జీఎఫ్‌-2, అంటే కణాలను పెరిగేలా చేసే ఒక ప్రోటీన్ (ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్). బేసిక్ ఎఫ్‌జీఎఫ్ అన్నా ఇదే. మానవ మూలకణాలు పెంచే ల్యాబుల్లో ఇది లేని ఫ్రీజర్ అరుదు. ఇది పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడే మందు కాదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది.

వయల్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను, దగ్గరగా చూడండి. ఖాళీగా ఉన్నట్టుంది కదా? ఇందులో 50 మైక్రోగ్రాముల పొడి ఉంది. అంత కొద్ది పొడి గాజు గోడకు పల్చటి పొరలా అంటుకుపోతుంది, ఒక్కోసారి మూతలోనూ ఉండిపోతుంది. అందుకే మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పి అడుగుకు చేర్చాలి. ఈ చిన్న పని చేయకుండా, ప్రోటీన్‌లో బలం లేదని నిర్ణయానికి రావడం అన్యాయం. మూలకణాల మీడియాలో, అంటే అవి పెరిగే పోషక ద్రవంలో, సాధారణంగా మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల వరకు కలుపుతారు. ఆ లెక్కన ఈ వయల్ అంతా వాడితే వచ్చేది అర లీటరు మీడియా.

ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. 1974లో శాస్త్రవేత్త డెనిస్ గోస్పొడరోవిచ్ ఈ కారకం గురించి ప్రకటించినప్పుడు దానికి ఆధారం పశువుల పీయూష గ్రంథి. ఇప్పుడు గ్రంథులతో పని లేదు. మానవ జన్యువును ఇ.కోలి బ్యాక్టీరియాలో పెడితే అదే తయారుచేస్తుంది, రీకాంబినెంట్ అంటే ఇదే. 154 అమైనో ఆమ్లాలు, సుమారు 17 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలత). బ్యాక్టీరియా మామూలుగా అతికించని చక్కెర గొలుసులు లేకపోయినా పనిచేసే ప్రోటీన్ కాబట్టి బ్యాక్టీరియా సరిపోతుంది. హెపారిన్ అనే చక్కెర గొలుసు పదార్థాన్ని గట్టిగా పట్టుకునే గుణం దీనికి ఉంది. శుద్ధి చేసేటప్పుడు ఆ గుణాన్నే వాడుకుంటారు.

ఇక డేటాషీట్, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం. అందరి కళ్లూ ముందు స్వచ్ఛత మీదికే వెళ్తాయి. 95 శాతం పైన అని దాదాపు అన్ని కంపెనీలూ రాస్తాయి. కానీ ప్రోటీన్ సరిగ్గా మడత పడిందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. నేను ముందుగా చదివేది చురుకుదనం వరుస. ఎలుక జాతి 3టీ3 కణాలకు దీన్ని రకరకాల మోతాదుల్లో ఇచ్చి, గరిష్ఠ పెరుగుదలలో సగం ఎంత మోతాదుకు వచ్చిందో కొలుస్తారు. అదే ఈడీ-50. అది ఎంత తక్కువైతే ప్రోటీన్ అంత చురుకైనది. మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాములు అని ఉంటే, 10 లక్షలను (ఒక మిల్లీగ్రాములోని నానోగ్రాములు) 0.5తో భాగించండి. మిల్లీగ్రాముకు 20 లక్షల యూనిట్లు. కొందరు “1 నానోగ్రాము కంటే తక్కువ” అని రాసి ఊరుకుంటారు. మీ చేతికి వచ్చిన లాట్‌కు (ఒకేసారి తయారైన బ్యాచ్‌కు) గీసిన గ్రాఫ్ ఇచ్చేవాళ్లకే నా ఓటు.

ప్రోటీన్లను పరిమాణం ప్రకారం వేరు చేసే ఈ జెల్ చూడండి. ఎడమ వరుసలో డీటీటీ (అణువుల మధ్య గంధకపు బంధాలను విడదీసే రసాయనం) కలిపిన నమూనా, 17 కిలోడాల్టన్ల దగ్గర ఒకే పట్టీ. కుడి వరుసలో కలపనిది. పైన 34 దగ్గర మరో సన్నటి పట్టీ ఉంది. ఈ ప్రోటీన్‌లో నాలుగు సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఉంటే, వాటిలో రెండు బయటి వైపుకు తేలి ఉంటాయి. వాటి వల్ల రెండు అణువులు అతుక్కుంటాయి. పట్టీ సన్నగా ఉంటే కంగారు వద్దు. కిందిదానితో పోటీపడేంత ముదురుగా ఉంటే మాత్రం కంపెనీని అడగాల్సిందే.

దీని అసలు బలహీనత వేడి. 37 డిగ్రీల దగ్గర, మీడియాలో ఒక రోజు గడిచేసరికి చురుకుదనం చాలావరకు పడిపోతుంది. మూలకణాలకు రోజూ మీడియా మార్చడానికి ఇదొక ముఖ్య కారణం. సెలవు రోజున కూడా ల్యాబుకు పరుగెత్తే విద్యార్థులను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తొమ్మిది అమైనో ఆమ్లాలు మార్చిన స్థిరమైన రకం ఇప్పుడు దొరుకుతోంది. అది అదే వేడిలో వారం పైగా నిలుస్తుంది. దీర్ఘకాలం కణాలు పెంచేవాళ్లకు నేను సూచించేది అదే. మానవ ప్రోటీన్ సహజ రూపంలో ఎలా ప్రవర్తిస్తుందో అధ్యయనం చేసేవాళ్లు మాత్రం మామూలు రకమే తీసుకోవాలి.

బ్యాక్టీరియా నుంచి వచ్చింది కాబట్టి ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే విష పదార్థం) వరుస కూడా చదవండి, ముఖ్యంగా రోగనిరోధక కణాలతో పనిచేసేవాళ్లు. పొడిని కరిగించేటప్పుడు వోర్టెక్స్ (గిరగిరా కుదిపే యంత్రం) వద్దు, మెల్లగా కదిపితే చాలు. బాగా పలుచన చేస్తే ప్లాస్టిక్‌కు అంటుకుని తగ్గిపోతుంది, అందుకే 0.1 శాతం అల్బుమిన్ అనే ప్రోటీన్ కలుపుతారు. చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు.

పాత లాట్ పూర్తిగా అయిపోకముందే కొత్తది తెప్పించుకోండి. ఒకే రోజు, ఒకే కణాల మీద, రెండింటినీ పక్కపక్క ప్లేట్లలో పరీక్షించి, ఆ తర్వాతే కొత్త లాట్‌ను అసలు ప్రయోగంలోకి తీసుకోండి.