కట్టడమే చదువా? ఈస్టు కణంలో ఎంజైముల విచ్ఛిత్తి

అధ్యక్షుల వారికీ, ఈ ఎండలో చెన్నై నలుమూలల నుంచి వచ్చిన తెలుగు మిత్రులకూ నమస్కారం. నాకిచ్చినది అరగంట, కణం ఎంజైములను కట్టడమే చెప్పి విప్పడం చెప్పని మన చదువు మీద నా ఫిర్యాదు మాత్రం చాలా పాతది కనుక ఉపచారాలు ఇంతటితో చాలిస్తాను.

గ్లూకోజు దొరకనప్పుడు ఈస్టు కణం ఇథనాల్, ఎసిటేటు వంటి వాటితో బతుకుతూ, తనకు కావలసిన చక్కెరను తానే తయారుచేసుకుంటుంది. ఆ పనిలో కీలకమైనది ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్ అనే ఎంజైము. గ్లూకోజు అందిన మరుక్షణం నుంచి ఆ ఎంజైము ఉండడమే నష్టం. గ్లూకోజును వాడుకునే దారిలో ఒక ఎంజైము కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి ఫాస్ఫేటును తగిలిస్తూ ఉంటే, ఇది దాన్ని ఊడదీస్తూ కూర్చుంటుంది. ఒకడు బావిలో నీళ్లు తోడుతుంటే మరొకడు ఆ బావిలోనే పారబోసినట్టు. అందుకని కణం నిమిషాలలోనే ఈ ఎంజైము పనిని మందగింపజేసి, ఆపైన సుమారు 30 నిమిషాలకు సగం చొప్పున దాన్ని కరిగించివేస్తుంది. చుట్టూ ఉన్న వేలాది ప్రోటీన్ల జోలికి మాత్రం పోదు.

ఆనవాలు పట్టే పని జిడ్ అనే ప్రోటీన్ల సముదాయానిది. గ్లూకోజు రాగానే జిడ్4 అనే ప్రోటీన్ కొత్తగా తయారై అందులో చేరుతుంది. అమైనో ఆమ్లాల గొలుసు మొదట ప్రోలీన్ అనే ఆమ్లం ఉన్న ఎంజైములను అది పట్టుకుంటుందని 2017లో వర్షావ్‌స్కీ బృందం చూపింది. పట్టుబడిన ఎంజైముకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ముద్రలు పడతాయి, ప్రోటీన్లను నరికే యంత్రం వంటి ప్రోటియసోమ్ దాన్ని తునకలు చేస్తుంది. కణం మూడు రోజులు పస్తున్న తరువాత గ్లూకోజు ఇస్తే ఇదే ఎంజైము రిక్తికకు, అంటే కణంలోని జీర్ణకోశం వంటి సంచికి (వాక్యువోల్) చేరుతుందని చియాంగ్ ప్రయోగశాల వారు చెబుతారు. ఈ రెండు దారుల మీద చాలాకాలం వాదం నడిచింది.

ఇక నా ఫిర్యాదు. పాలచక్కెరను వాడుకునే ఎంజైములను బాక్టీరియా అవసరమైనప్పుడే తయారుచేసుకునే ఏర్పాటైన లాక్ ఓపెరాన్‌కు పేజీలకు పేజీలు కేటాయించే మన పాఠ్యపుస్తకాలు, తయారైన ఎంజైము ఎలా పోతుందో ఒక్క పేరాతో సరిపెడతాయి. నా శిష్యురాలొకరు ఈ విషయం మీద పరిశోధనకు దరఖాస్తు పెట్టుకుంటే, ఈస్టు చెత్తబుట్టను వెదికితే ఏమొస్తుందని ఒక సంఘం వారు తిప్పిపంపారు. ఆ చెత్తబుట్టలోనే కదా జపాను శాస్త్రవేత్త ఒసుమి గారు వెదికినది! రిక్తికలో ప్రోటీన్లను కోసే ఎంజైములు (ప్రోటియేజులు) లోపించిన ఈస్టును పస్తుంచి, రిక్తిక లోపల జీర్ణం కాని కణభాగాల గుండ్రని తిత్తులు పేరుకుపోవడాన్ని ఆయన సూక్ష్మదర్శినిలో చూసి 1992లో ప్రచురించారు. 2016లో నోబెల్ వచ్చింది.

ఉపయోగమే కావాలంటారా? హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా పికియా అనే ఈస్టులో తయారైనది. మిథనాల్ మీద పెంచితే పికియా కణం మిథనాల్‌ను వాడుకునే ఆల్కహాల్ ఆక్సిడేజ్ ఎంజైముతో కిక్కిరిసిన పెరాక్సిసోములనే చిన్న సంచులతో ఉబ్బిపోతుంది. గ్లూకోజులోకి మార్చగానే రిక్తిక వాటిని గంటలలో మింగివేస్తుంది. అవసరాన్ని బట్టి ఇంత వేగంగా కట్టి, విప్పే కణాన్ని చూస్తూ సగం కథే పిల్లలకు చెబుతున్నాము.

ఈ సభలో ప్రశ్నపత్రాలు కూర్చే అధ్యాపకులున్నారని నాకు తెలుసు. అయ్యా, అమ్మా, వచ్చే ఏడు లాక్ ఓపెరాన్ ప్రశ్నను ఒక్కసారి పక్కనబెట్టి, గ్లూకోజు ఇచ్చిన అరగంటకు ఆ ఎంజైము ఎటు పోయిందో అడగండి.