ఒక వేలు, రెండు లిపులు: తెలుగు–ఒడియా పెళ్లిపత్రిక తయారీ

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఆంధ్రాలోని పాతపట్నం మాకు కూతవేటు దూరం, మా జిల్లా మాత్రం ఒడిశాలోని గజపతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా నాయనమ్మకు తెలుగు అక్షరాలే వచ్చు, మా పిన్ని పిల్లలకు ఒడియా అక్షరాలే వచ్చు. మాట్లాడుకునేది అందరూ తెలుగే. కాబట్టి మా పిన్ని కూతురి పెళ్లిపత్రిక ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఒడియాలో ఉండాలన్నారు. ఫోన్లూ కంప్యూటర్లూ విప్పి మూసే అలవాటు నాది కదా, పని నా నెత్తిన పడింది. దాన్నే ఈరోజు మీ కళ్లముందు చేస్తాను.

ముందు ఒక హెచ్చరిక. మొదటిసారి ఒక ముద్రణ దుకాణానికి వెళితే, వాళ్లు పాత ఫాంటులో కొట్టిన తెలుగు ఫైలు పంపారు. నా కంప్యూటర్‌లో తెరిస్తే మా చిన్నాన్న పేరున్న చోట డాలరు గుర్తు, రెండు బ్రాకెట్లు, ఒక ప్రశ్నార్థకం కనిపించాయి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లోనే తెలుగు ముక్కల్ని కూర్చేవి. ఫాంటు లేని చోట బండారం బయటపడుతుంది. మనం యూనికోడ్‌లోనే కొడదాం, అంటే ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఉన్న పద్ధతిలో.

ఇక అసలు సంగతికి వస్తాను. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు, ఒడియాను మరో రకంగా కొడతారు. రెండు పద్ధతులు నేర్చుకోవలసిన పని లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక భారతీయ లిపులన్నింటికీ దాదాపు ఒక్కటే. తెలుగులో కె నొక్కితే 'క' వస్తుంది, ఒడియాలోనూ అదే మీట మీద ఒడియా 'క' వస్తుంది.

విండోస్‌లో ఇలా పెట్టుకోండి. సెట్టింగ్స్ తెరిచి, కాలమూ భాషా ఉన్న విభాగంలోకి వెళ్లి, తెలుగును, ఒడియాను రెండింటినీ చేర్చండి. కీబోర్డుల జాబితాలో ఫొనెటిక్ అని కూడా కనిపించవచ్చు, అది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే వేరే పద్ధతి, దాని జోలికి వెళ్లవద్దు. చేర్చాక విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కుతూ పోతే భాషలు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. అంతే.

[తెర మీద కీబోర్డు బొమ్మ]

ఇప్పుడు నా వేళ్లు చూడండి. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. 'రమణ' కొడుతున్నాను: జె, సి, తర్వాత షిఫ్ట్ పట్టుకుని మళ్లీ సి. మ, ణ రెండూ ఒకే మీట మీద ఉన్నాయి. ఇప్పుడు భాష ఒడియాకు మార్చి, కళ్లు మూసుకుని అవే మూడు కొడతాను. వచ్చింది చూశారా! దాన్ని ఒడియావాళ్లు 'రొమొణొ' అని చదువుతారు, అది వాళ్ల అకారం తీరు. మా రమణ మామయ్య ముప్పై ఏళ్లుగా ఆ పిలుపుకు పలుకుతూనే ఉన్నాడు.

ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. యూనికోడ్‌లో మన లిపుల పట్టికలను ఇస్కీ అనే భారతీయ ప్రమాణం 1988 నాటి కూర్పును బట్టి పేర్చారు. ఒడియా 'క' సంఖ్య 2837, తెలుగు 'క' సంఖ్య 3093. తేడా 256. 'మ'కూ అంతే తేడా, 'త'కూ అంతే. నాకు ఇది తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదంటే మా ఇంట్లో నవ్వారు.

పత్రిక మొత్తాన్ని రెండుసార్లు కొట్టే ఓపిక లేకపోతే అక్షరముఖ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. మూల లిపి తెలుగు, కావలసిన లిపి ఒడియా అని ఎంచుకుని, పేర్లన్నీ అతికించండి. ఇది భాషను మార్చదు, లిపినే మారుస్తుంది. మనకు కావలసింది అదే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది, 'ఆహ్వానం' లాంటి మాటలకు వాడుకోండి. పేర్లు మాత్రం దానికి ఇవ్వకండి, పేరునూ మామూలు మాటగా భావించి అనువదించే ప్రమాదం ఉంది.

లిపి మార్చాక కాఫీ తాగడానికి లేవకండి. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

'పాతపట్నం' చూడండి. తెలుగులో చివరి సున్నను మనం 'మ్' అని పలుకుతాం. ఒడియా వారు సున్నను 'ంగ్' లాగా పలుకుతారు. సున్న అలాగే వదిలేస్తే పెళ్లికొచ్చేవారు 'పాతపట్నంగ్' అని చదువుతారు. అందుకని సున్న తీసేసి, సి కొట్టి, డి కొట్టండి. డి అంటే పొల్లు. 'మ్' వచ్చింది. 'కల్యాణం'కూ ఇదే వైద్యం. ఇలాంటివి మా పత్రికలో పదకొండు దొరికాయి.

రెండోది వ. ఒడియాలో మన 'వ' ఉన్న మాటలు చాలావరకు 'బ'తో రాస్తారు, మన 'వనం' వాళ్ల 'బన'. పేర్లలో ఏది రాయాలన్న తగవు మీరు తీర్చకండి, ఆ మనిషి బడి సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలా కొట్టండి. య కూడా వాళ్లకు రెండు రకాలు, మీ కీబోర్డులో ఏది ఎక్కడ ఉందో ఒకసారి నొక్కి చూసుకోండి.

మూడోది నేను చేసిన తప్పు. ఒడియా వైపు సవరణలన్నీ చేశాక, 'మళ్లీ తెలుగులో ఎందుకు సవరించడం' అనుకుని ఒడియా పాఠాన్నే తిరిగి తెలుగులోకి మార్చాను. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. యూనికోడ్ పట్టికలో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. 'నెల' అటు వెళ్లి తిరిగి వచ్చేసరికి 'నేల' అయింది. మా నాయనమ్మ ఎర్రమ్మ కాస్తా 'ఏర్రమ్మ' అయింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఈవిడెవర్రా, మన బంధువేనా?" అని అడిగింది. కాబట్టి తెలుగు నుంచి ఒడియాకే వెళ్లండి. సవరణ ఏదైనా ఉంటే రెండు ఫైళ్లలో విడివిడిగా చేయండి.

ఫోనులో అయితే జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డు చాలు. అందులో భాషల జాబితాలోకి వెళ్లి తెలుగు, ఒడియా చేర్చుకుని, గ్లోబు బొమ్మ నొక్కి మార్చుకోండి. కాకపోతే అందులో అక్షరాల వరుస ఇన్‌స్క్రిప్ట్ లాగా ఉండదు, వేళ్ల అలవాటు అక్కడ పనికిరాదు. పత్రికంత పెద్ద పని ఫోనులో చేయవద్దని నా సలహా.

చివరగా, ముద్రణకు వర్డ్ ఫైలు ఇవ్వకండి. పిడిఎఫ్ చేసి, ఫాంట్లు అందులోనే ఇమిడి ఉన్నాయో లేదో దస్త్రం వివరాల్లో చూసి, అప్పుడు పంపండి. ఒకే ఒక్క ప్రతి ముందు అచ్చు వేయించండి. మా ప్రతిని తెలుగు వైపు నాయనమ్మ చదివింది, ఒడియా వైపు పిన్ని కొడుకు చదివాడు. ఇద్దరూ గట్టిగా, ఒకేసారి. ఒకచోట ఇద్దరి మాటా వేరైంది, ముహూర్తం దగ్గర. తెలుగులో 'ఉదయం 9' అని ఉంది, ఒడియా వైపు అంకె కొట్టడమే మరిచిపోయాను.