వర్చువల్ మెషిన్‌లో సౌండ్ రావడం లేదా? ముందు ఆడియో కంట్రోలర్ చూడండి

నమస్తే అండీ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన పిల్లలు బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు, తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లోనే నేర్పుకోవాలి. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకూ అంతే, కాబట్టి ఆ తేడా పిల్లలు చెవితో పట్టుకోవాల్సిందే. ఇంట్లో దాచిన పాత తెలుగు పాఠాల సీడీ ఇప్పటి కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే వర్చువల్‌బాక్స్‌లో (మన కంప్యూటర్ లోపలే వర్చువల్ మెషిన్ అనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పాత విండోస్ ఎక్స్‌పీ వేసుకుని ప్రయత్నించవచ్చు. తీరా పాఠం మొదలయ్యాక బొమ్మ కదులుతుంది, గొంతు మాత్రం వినపడదు. అది ఎలా సరిచేయాలో చూద్దాం.

ముందుగా ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. విండో మూసేటప్పుడు సేవ్ చేసి వదిలేస్తే సౌండ్ కార్డు మార్చడానికి వీలుండదు. ఇప్పుడు వర్చువల్‌బాక్స్‌లో ఆ మెషిన్ సెట్టింగ్స్‌కి వెళ్ళి ఆడియో తెరవండి, అక్కడ ఆడియో కంట్రోలర్ అని ఉంది చూశారా, అసలు చిక్కంతా ఇక్కడే. వర్చువల్ మెషిన్‌కి మన కంప్యూటర్‌లోని నిజమైన సౌండ్ కార్డు కనపడదు, వర్చువల్‌బాక్స్ చూపించే కార్డే కనపడుతుంది, దానికి తగ్గ డ్రైవర్ (ఆ కార్డుని పనిచేయించే చిన్న ప్రోగ్రామ్) మెషిన్ లోపలి విండోస్‌లో ఉంటేనే శబ్దం వస్తుంది. ఎక్స్‌పీకి ఐసీహెచ్ ఏసీ97 పెట్టండి. విండోస్ 7, 10, 11 అయితే ఇంటెల్ హెచ్‌డీ ఆడియో. విండోస్ 98 వేసినవాళ్ళకి సౌండ్‌బ్లాస్టర్ 16. కొత్తది కదా అని ఎక్స్‌పీకి హెచ్‌డీ ఆడియో పెట్టకండి, దాని డ్రైవర్ ఎక్స్‌పీతో పాటు రాదు.

కింద ఎనేబుల్ ఆడియో ఔట్‌పుట్‌కి టిక్ ఉందో లేదో చూసుకోండి. హోస్ట్ డ్రైవర్‌ని డిఫాల్ట్‌గానే ఉంచేయండి, దాన్ని మార్చాల్సిన అవసరం మామూలుగా రాదు.

ఇంకా రాలేదా? టెన్షన్ పడకండి. బయటి విండోస్‌లో, అంటే మన అసలు కంప్యూటర్‌లో, స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరవండి, వర్చువల్‌బాక్స్‌కి అక్కడ వేరే స్లైడర్ ఉంటుంది, అది మ్యూట్‌లో ఉండొచ్చు. హెచ్‌డీఎమ్‌ఐ మానిటర్ ఉన్నవాళ్ళయితే శబ్దం స్పీకర్లకి కాకుండా మానిటర్‌కి పోతోందేమో కూడా చూడండి. స్పీకర్లని డిఫాల్ట్ చేశాక మెషిన్ మళ్ళీ స్టార్ట్ చేయండి.

గొంతు తెగితెగి వస్తుంటే ప్రాసెసర్ సెట్టింగ్‌లో కోర్లన్నీ మెషిన్‌కే ఇచ్చేశారేమో చూడండి, అక్కడి స్లైడర్‌ని ఎరుపు భాగంలోకి పోనివ్వొద్దు. ఎక్స్‌పీకి ఒక్క కోర్ చాలు. వెనక తెరిచి ఉన్న బ్రౌజర్ కూడా మూసేయండి.

పిల్ల పలికింది రికార్డు చేయాలంటే మైక్ కావాలి, అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. మెషిన్ నడుస్తుండగానే డివైసెస్ మెనూలో ఆడియోకి వెళ్ళి ఆడియో ఇన్‌పుట్ నొక్కండి. బయటి విండోస్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకి మైక్ అనుమతి కూడా ఇవ్వాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సపోర్ట్ 2014లోనే ఆపేసింది, అందుకని నెట్‌వర్క్ టిక్ తీసేయండి, సీడీ పాఠానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. సౌండ్ సరిగ్గా వచ్చాక ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు పిల్లలు ఏదైనా నొక్కేసినా మళ్ళీ ఇదే స్థితికి తెచ్చుకోవచ్చు.