బెంగళూరులో మొదటి లగ్జరీ కారు: లోగో తర్వాత, ముందు లోపలేముందో చూడండి

[తెరపై: సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు, మారతహళ్లి దగ్గర ఆగి ఆగి కదులుతున్న కార్లు]

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మొదటిసారి లగ్జరీ కారు కొందామనుకునే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. బెంజా, బీఎండబ్ల్యూనా, ఆడీనా, లెక్ససా? ఏది బెస్ట్?

ఒక్క పేరుతో జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి. క్వాలిటీ, రిలయబిలిటీ, పెర్ఫార్మెన్స్ మూడూ వేరు వేరు విషయాలు. షోరూమ్‌లో తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడు క్వాలిటీ. ఆరేళ్ల తర్వాత కూడా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని రాత్రిపూట పెనుకొండ దాటుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగకపోవడం రిలయబిలిటీ. మొదటిది ఉంటే రెండోది ఉన్నట్టే అనుకుని కొనేవాళ్లు చాలామంది. అక్కడే డబ్బు పోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిను, గేర్‌బాక్సు, టైరు సైజు. ఈ మూడూ తేల్చుకున్నాకే లోగో సంగతి.

[తెరపై: మెర్సిడెస్ జీఎల్ఏ, పక్కన పాత రెనో డస్టర్]

ఎందుకంటారా? మెర్సిడెస్ జీఎల్ఏ 200 చూడండి. ముందు మూడు కోణాల నక్షత్రం ఉంటుంది. లోపలున్నది 1.3 లీటర్ల టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే పరికరం ఉన్న) పెట్రోల్ ఇంజిను, మెర్సిడెస్, రెనో కలిసి తయారుచేసింది. అదే కుటుంబానికి చెందిన ఇంజిను మన దగ్గర రెనో డస్టర్ టర్బోలో కూడా వచ్చింది. అది చెడ్డ ఇంజినని నేననడం లేదు, మంచిదే. కానీ "బెంజ్ ఇంజిన్ అండీ, దాని లెవెలే వేరు" అని ఎవరైనా అంటే, ఏ బెంజ్, ఏ ఇంజిన్ అని అడగాలి.

ఆడీలో వచ్చే 2 లీటర్ల టర్బో పెట్రోల్ కూడా అంతే. ఈఏ888 అనే ఆ కుటుంబం స్కోడా సూపర్బ్‌లో, ఫోక్స్‌వాగన్ టిగువాన్‌లో ఉంటుంది. ఇది కొనేవాడికి లాభమే. ఎన్నో కార్లలో తిరిగిన ఇంజిను కాబట్టి దాని బలహీనతలు మెకానిక్కులకి బాగా తెలుసు.

బీఎండబ్ల్యూలోనూ తేడాలున్నాయి. 3 సిరీస్‌లో జడ్ఎఫ్ కంపెనీ తయారుచేసిన 8 స్పీడ్ ఆటోమేటిక్ ఉంటుంది. ఎక్స్1 ప్లాట్‌ఫారం, అంటే కారు కింది నిర్మాణం, వేరు. అందులో 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు, రెండు క్లచ్చులు వంతులవారీగా గేర్లు మార్చే రకం. బ్రాండు ఒకటే, నడిపేటప్పుడు అనుభవం రెండు రకాలు.

[తెరపై: నాలుగు సెడాన్లు పక్కపక్కన, కింద అంకెలు]

ముందు పెర్ఫార్మెన్స్ చూద్దాం, ఇది త్వరగా తేలిపోతుంది. బీఎండబ్ల్యూ 330ఎల్ఐ (3 సిరీస్‌లోదే) 258 హార్స్‌పవర్, 0 నుంచి 100కి 6.2 సెకన్లు. ఆడీ ఏ4 204 హార్స్‌పవర్, 7.1 సెకన్లు. మెర్సిడెస్ సీ200 (సీ క్లాస్‌లోది) కూడా 204, 7.3 సెకన్లు. లెక్సస్ ఈఎస్ 300హెచ్ హైబ్రిడ్, పెట్రోల్ ఇంజినూ ఎలక్ట్రిక్ మోటారూ కలిపి 218 హార్స్‌పవర్, 8.9 సెకన్లు.

కాగితం మీద లెక్సస్ ఆఖరు. డ్రైవింగ్ అంటే ప్రాణం ఇచ్చేవాళ్లకి రోడ్డు మీద కూడా ఆఖరే. స్టీరింగ్ చెప్పినట్టు వినడంలో, మలుపులో కుదురుగా ఉండడంలో 3 సిరీస్‌కి ఈ ధరలో పోటీ లేదని నా నమ్మకం. నంది హిల్స్ ఘాట్ రోడ్డు ఒక్కసారి ఎక్కించి దింపితే మీకే తెలుస్తుంది.

బెంగళూరుకే ప్రత్యేకమైన ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి చెన్నైలో కన్నా దాదాపు 8, 9 శాతం పలచన. టర్బో లేని ఇంజినుకి ఆ మేరకు బలం తగ్గుతుంది. టర్బో ఉన్నది గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి ఆ లోటు పెద్దగా కనిపించదు. లెక్సస్ ఈఎస్‌లో ఉన్నది టర్బో లేని 2.5 లీటర్ల ఇంజిను. కాకపోతే కింది వేగంలో తోసేది ఎలక్ట్రిక్ మోటారు, దానికి గాలితో పనిలేదు. అందుకే సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఆ కారు మెత్తగా పోతుంది, హైవే మీద లారీని దాటబోతే ఇంజిను కాస్త గట్టిగా అరుస్తుంది.

ఇక డ్యూయల్ క్లచ్. ఏ4లో ఉన్నది ఆ రకమే. నూనెలో మునిగి ఉండే క్లచ్చులు కాబట్టి పొడి రకం కన్నా వేడిని తట్టుకుంటాయి. అయినా టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర గంటసేపు అడుగు అడుగున పాకుతుంటే, టార్క్ కన్వర్టర్ (ఇంజిను బలాన్ని నూనె ద్వారా అందించేది) ఉన్న 3 సిరీస్ లాంటి గేర్‌బాక్సు ఇచ్చే మెత్తదనం దీనికి రాదు. మీ రోజులో ఎక్కువ భాగం అలాంటి ట్రాఫిక్‌లోనే గడిస్తే ఈ తేడా 7 సెకన్లా 6 సెకన్లా అన్నదాని కంటే పెద్దది.

[తెరపై: బానెట్ తెరిచిన లెక్సస్]

ఇప్పుడు రిలయబిలిటీ. అసలు విషయం ఇక్కడే ఉంది.

అమెరికాలో జేడీ పవర్ అనే సంస్థ ఏటా మూడేళ్ల వయసున్న కార్ల యజమానులని అడిగి, ప్రతి 100 కార్లకి ఎన్ని సమస్యలొచ్చాయో లెక్కిస్తుంది. 2023, 2024, 2025 మూడేళ్లూ మొదటి స్థానం లెక్సస్‌దే. 2025లో 100 కార్లకి 140 సమస్యలు. మొదటి స్థానంలో ఉన్నదానికే 140 ఏమిటి అని కంగారుపడకండి. ఫోను బ్లూటూత్‌కి కనెక్ట్ కాకపోయినా అది ఒక సమస్యే, గేర్‌బాక్సు పోయినా ఒక సమస్యే. జ్వరాన్నీ గుండెపోటునీ ఒకే లెక్కలో రాసినట్టు. పైగా స్క్రీన్లు, ఫోన్ కనెక్షన్ల గురించే అక్కడ ఫిర్యాదులెక్కువ. కాబట్టి ర్యాంకు కిందున్న ప్రతి కారూ రోడ్డు మీద ఆగిపోతుందని కాదు. మన రోడ్లు, మన దుమ్ము, మన పెట్రోలు ఆ లెక్కలో లేవన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

మరి లెక్సస్ ఎందుకు నిలబడుతుంది? అదృష్టం కాదు, లోపల చెడిపోయే వస్తువులే తక్కువ. ఈఎస్ హైబ్రిడ్‌లో టర్బో లేదు. మామూలు కార్లలో ఉండే స్టార్టర్ మోటారు లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ లేదు. వాటి పని ఎలక్ట్రిక్ మోటార్లే చేస్తాయి. గేర్‌బాక్సులో గేరు మార్చే క్లచ్చుల గొడవ లేదు, మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ఒక ప్లానెటరీ గేర్ సెట్టే ఇంజిను బలాన్నీ మోటారు బలాన్నీ కలుపుతుంది. లెక్సస్ సొంతదారు టొయోటా ఈ పద్ధతిని 1997 ప్రియస్ నుంచి మెరుగుపరుస్తూ వస్తోంది. 2024 జూన్ నుంచి అమ్మిన కార్లకి లెక్సస్ ఇక్కడ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. తన వస్తువు మీద నమ్మకం లేకుండా ఎవరూ అంత దూరం రాసివ్వరు.

బీఎండబ్ల్యూ మీద పాత చెడ్డపేరు ఇంకా తిరుగుతోంది. ఎన్47 అనే పాత డీజిల్ ఇంజినులో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసేది) అరిగిపోవడం నిజమే. ఆ చైను ఇంజిను వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉండేది, మార్చాలంటే పెద్ద పని. కానీ ఇప్పటి 2 లీటర్ల బీ48, 3 లీటర్ల ఆరు సిలిండర్ల బీ58 పెట్రోల్ ఇంజిన్లు వేరే తరం. టొయోటా తన సుప్రా కారుకి బీ58నే తీసుకుందంటే అర్థం చేసుకోండి. 3 సిరీస్‌లోని ఎం340ఐలో ఉన్నది అదే ఇంజిను.

అయితే ఒక జాగ్రత్త. గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొందరు చెబుతారు. ఆ గేర్‌బాక్సుని తయారుచేసిన జడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో మార్చమంటుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు సర్వీస్ హిస్టరీలో మొదట వెతకాల్సింది ఈ లైనే.

సీ క్లాస్‌లో ఇంజినుకి తోడుగా 48 వోల్టుల ఎలక్ట్రిక్ వ్యవస్థ ఉంటుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు కుదుపు తెలియనివ్వదు, చాలా సుఖంగా ఉంటుంది. అందులో తేడా వస్తే మాత్రం మీ వీధి చివరి మెకానిక్ చేయగలిగేదేమీ ఉండదు. అందుకే బెంజ్ కొనేవాళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ ధరని కారు ధరలో కలిపేసి చూసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

[తెరపై: గుంతలో పడ్డ టైరు, పక్కగోడ ఉబ్బు దగ్గరగా]

టైర్ల గురించి గట్టిగా చెప్పాలి. లగ్జరీ కారు యజమానికి బెంగళూరులో నిజంగా తలనొప్పి తెచ్చేది ఇంజిను కాదు, టైరు. 18, 19 అంగుళాల చక్రం చూడ్డానికి అందం. కానీ చక్రం పెద్దదయ్యే కొద్దీ రబ్బరు పక్కగోడ సన్నబడుతుంది. గుంత అంచుకి గట్టిగా తగిలితే పక్కన బుడగలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ ఉండదు, టైరు మార్చాల్సిందే. ఒక్కోసారి రిమ్ కూడా వంగుతుంది.

చాలా బీఎండబ్ల్యూ మోడళ్లు రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తాయి. గాలి మొత్తం పోయినా గంటకి 80 కిలోమీటర్లు మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు పోవచ్చు. ఊళ్లో ఇది వరమే. అదే అనంతపురం దాటి కర్నూలు వైపు పోతుండగా పంక్చరైందనుకోండి. ఊరు చేరతారు, కానీ ఆ సైజు రన్‌ఫ్లాట్ అక్కడి షాపులో దొరకడం కష్టం. స్టెప్నీ ఉందా, ఎలాంటిది, డిక్కీలో ఎంత చోటు తింటుంది అని బుకింగ్‌కి ముందే డిక్కీ తెరిపించి చూడండి. ఒకే మోడల్‌లో చిన్న చక్రాల వేరియంట్ ఉంటే అదే తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల నడుములకి కూడా మంచిది.

[తెరపై: కార్ల లోపలి దృశ్యాలు]

క్వాలిటీ మీద ఎక్కువసేపు మాట్లాడను, మీ కళ్లకీ చేతికీ తెలుస్తుంది. లోపల కూర్చున్న క్షణంలో మనసు లాగేసేది సీ క్లాస్, ఆ 11.9 అంగుళాల స్క్రీన్, ఆ లైట్లు. కానీ మెరిసే నల్ల ప్లాస్టిక్ మీద మన దుమ్ము తుడిచీ తుడిచీ గీతలు పడతాయి. బటన్లు ఉన్న కారు నాకు ఇంకా ఇష్టం. సీట్ల విషయంలో వోల్వోకి ఎక్కువ మార్కులు వేస్తాను.

"లోకల్‌గా బిగించినవి కదా, క్వాలిటీ తక్కువేమో" అన్న అనుమానం వదిలేయండి. బీఎండబ్ల్యూ 2007 నుంచి చెన్నై దగ్గర బిగిస్తోంది. మెర్సిడెస్ పుణె దగ్గర చాకణ్‌లో, వోల్వో మన హోసకోటలో, లెక్సస్ ఈఎస్ బిడదిలో. ముఖ్యమైన భాగాలు బయటి నుంచే వస్తాయి, పూర్తిగా తయారై దిగుమతయ్యే కారుకి పడే భారీ సుంకం తప్పుతుంది.

ఖర్చులో మాత్రం ఒకటి మర్చిపోకండి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకి లైఫ్ ట్యాక్స్ 18 శాతం, దాని మీద సెస్సు. 60 లక్షల కారుకి ట్యాక్సే 10 లక్షలు దాటుతుంది. రెండు మూడేళ్లలో హైదరాబాదుకో విజయవాడకో మారే ఆలోచన ఉంటే, అక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టి, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి తెచ్చుకోవడానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ టెన్షన్ వద్దనుకుంటే మారాకే కొనండి.

నా ఎంపిక అడిగితే, ఎనిమిదేళ్లు ఉంచుకుంటాను, నెలకోసారి ఊరికి పోతాను అనేవాళ్లకి ఈఎస్ హైబ్రిడ్. స్టీరింగ్ పట్టుకుంటే సంతోషపడేవాళ్లకి 3 సిరీస్, వారంటీ ఉన్నంతకాలం నిశ్చింతగా. వెనక సీట్లో అమ్మానాన్నలు, చుట్టాల ముందు గౌరవం ముఖ్యమైతే సీ క్లాస్, ఎక్స్‌టెండెడ్ వారంటీతో కలిపి. ధర ప్రధానమైతే ఏ4, కానీ సాయంత్రం ఆరున్నరకి, అదే ట్రాఫిక్‌లో టెస్ట్ డ్రైవ్ చేశాకే.

[తెరపై: వర్షంలో నీళ్లు నిలిచిన రోడ్డు]

ఏది కొన్నా, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ తీసుకోండి. 2022 సెప్టెంబరు వానలకి సర్జాపూర్ రోడ్డు, యమలూరు వైపు ఖరీదైన కార్లు నీళ్లలో మునిగిపోవడం అందరం చూశాం. మామూలు పాలసీలో నీళ్లు మింగిన ఇంజిను రిపేరుకి సాధారణంగా డబ్బు రాదు. కారు నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కకండి. లోపలికి పోయిన నీరు గాలిలా నొక్కితే కుంచించుకుపోదు, దాని బదులు ఇంజిను లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. టోయింగ్‌కి ఫోన్ చేసి, ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లమని చెప్పండి.