"మా నాన్నగారు వచ్చారండి" అని జపనీస్‌లో ఎలా చెప్పాలి?

నమస్తే. "జపనీస్ వ్యాకరణం అచ్చం తెలుగులాగే ఉంటుంది, మనకి చాలా తేలిక." ఈ ఏడాది జపనీస్ బీఏలో చేరినవాళ్లందరికీ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు. సగం నిజమే. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి నామవాచకం వెనకాల వస్తుంది, మన "అని" చేసే పనిని వాళ్ల "తొ" చేస్తుంది. మిగతా సగం ఎవరూ చెప్పడం లేదు, నా బాధ అదే.

ఇంకో అపోహ కూడా ఉంది. కల్చర్ పేపరంటే ఇకెబానా (పూల అలంకరణ), ఒరిగామి (కాగితం మడతల కళ), టీ సెరిమనీ నోట్సు బట్టీపట్టి రాసేదని. అవి చదవాల్సిందే. కానీ జపాన్ వాళ్లు మనుషుల్ని ఎలా చూస్తారో తెలియాలంటే, నన్నడిగితే, "ఇవ్వడం" అనే క్రియ దగ్గర మొదలుపెట్టాలి.

ఒక పుస్తకం తీసుకుందాం. నేను తనకా గారికి పుస్తకం ఇచ్చాను. తనకా గారు నాకు పుస్తకం ఇచ్చారు. మనకి రెండు చోట్లా ఒకటే క్రియ. జపనీస్‌లో నేను ఇస్తే "అగేరు", నాకు ఇస్తే "కురేరు". ఇంతవరకు అందరూ బాగానే రాస్తారు.

ఇప్పుడు అదే పుస్తకాన్ని తనకా గారు మా చెల్లికి ఇచ్చారు. వాక్యంలో నేను లేను. అయినా కురేరునే: "తనకా-సాన్ గా ఇమోతొ ని హొన్ ఒ కురెతా." చెల్లి నా వైపు మనిషి కాబట్టి. ఈ "నా వైపు"ని ఉచి అంటారు, అవతలి వైపుని సొతొ. ఇక్కడ అగెతా అంటే సొంత చెల్లిని పరాయిదాన్ని చేసినట్టు వినిపిస్తుంది.

అదే పుస్తకం సెన్సే, అంటే గురువుగారు, ఇస్తే "కుదసరు". నేను పుచ్చుకున్నానని నా వైపు నుంచి చెబితే "మొరౌ", సెన్సే దగ్గర పుచ్చుకుంటే "ఇతదకు". ఈ పుచ్చుకునే క్రియలతో ఇచ్చినవాళ్ల పక్కన మన "దగ్గర"కి బదులు "ని" పెట్టొచ్చు, "కరా" పెట్టొచ్చు. ఇచ్చింది కాలేజీ, కంపెనీ లాంటి సంస్థ అయితే మాత్రం "కరా" వాడండి.

పుస్తకం ఇవ్వలేదు, తెరిచి చూపించారంతే అనుకోండి. అప్పుడు "మిసెతె కురెతా". మన "చేసిపెట్టాడు, రాసిపెట్టాడు"లో ఉన్న "పెట్టు" లాంటిదే ఇది. తేడా ఏమిటంటే మన "పెట్టు"కి దిక్కు లేదు, నేను నీకు చేసిపెట్టినా నువ్వు నాకు చేసిపెట్టినా ఒకటే. వాళ్లకి దిక్కు తప్పనిసరి. కురెతా వదిలేసి "మిసెమషితా" (చూపించారు) అని ఊరుకుంటే, చేసిన మేలుని గుర్తించనట్టు పొడిగా ఉంటుంది. ఇంకా పెద్ద తప్పు: సెన్సే చేతిలో బరువుంటే "మొత్తె అగెమషో కా" (పట్టుకుని పెట్టనా) అనడం. వ్యాకరణం తప్పు లేదు, కానీ మీరేదో ఉపకారం చేస్తున్నట్టు ఉంటుంది. తగ్గించుకుని "ఒమొచి షిమషో కా" (నేను పట్టుకోనా అండి) అనాలి.

ఇక శీర్షికలో అడిగిన ప్రశ్న. తెలుగులో గౌరవం మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఎవరి ముందైనా సరే "మా నాన్నగారు వచ్చారండి" అంటాం. జపనీస్‌లో గౌరవం ఎవరి ముందు మాట్లాడుతున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. ఇంట్లో నాన్నని "ఒతోసాన్" అని పిలుస్తారు. సెన్సేతో చెప్పేటప్పుడు ఆయన మన ఉచి, అందుకే "చిచి (మా నాన్న) గా మైరిమషితా (వచ్చాడు)" అని తగ్గించి చెప్పాలి. సెన్సే వాళ్ల నాన్నగారు వస్తే గౌరవంగా "ఒతోసామా గా ఇరష్షైమషితా" (నాన్నగారు వచ్చారు). మన తెలుగు పిల్లలు సొంత నాన్నకి కూడా ఇరష్షైమషితా వాడేస్తారు. అది మన పెంపకంలోంచి వచ్చిన తప్పు, చాలా మర్యాదైన తప్పు, అందుకే వదలడం కష్టం.

ఆఫీసులో కూడా ఇదే లెక్క. లోపల "తనకా-బుచో" అని పిలిచే పైఅధికారిని, బయటి క్లయింటు ఫోన్ చేస్తే ఉత్త "తనకా" అంటారు: "తనకా వా తదైమా సెకి ఒ హజుషితె ఒరిమస్" (తనకా ఇప్పుడు సీట్లో లేరు).

ఇంత ముఖ్యమైన విషయం విద్యార్థులకి ఎందుకు అతకదు? మన పాఠ్యపుస్తకం "మిన్నా నొ నిహొంగొ" తీయండి. అగేరు, మొరౌ 7వ పాఠంలో, కురేరు 24లో, ఇతదకు, కుదసరు 41లో, గౌరవ రూపాలు 49లో, తగ్గింపు రూపాలు 50లో. నెలల ఎడం. ఈ ఐదు పాఠాల్నీ ఒకే వారంలో పక్కపక్కన పెట్టి మళ్లీ చదవండి. ఒకే పుస్తకాన్ని చెల్లికి, స్నేహితుడికి, సెన్సేకి, క్లయింటుకి ఇస్తూ, పుచ్చుకుంటూ వాక్యాలు రాయండి, పైకి చదవండి.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు మాటలు. జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు. అందులో ఎన్4 అనే స్థాయిలో 180కి 90 వస్తే, విభాగాల కనీస మార్కులు కూడా దాటితే పాసే, నోరు విప్పకుండానే. కాబట్టి సర్టిఫికెట్ చూసి ఇది వచ్చేసిందనుకోకండి. ఇంకోటి, హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లోనో, ఢిల్లీ జేఎన్‌యూలోనో జపనీస్ మెయిన్‌గా డిగ్రీ చదివేవాళ్లకి జపాన్ ప్రభుత్వ విద్యాశాఖ ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో జపనీస్ స్టడీస్ అనే విభాగం ఉంది. ఏడాదిపాటు అక్కడి యూనివర్సిటీలో చదివి, తిరిగొచ్చి ఇక్కడ డిగ్రీ పూర్తి చేయాలి. చివరి సంవత్సరం దాకా ఆగకండి, రెండో సంవత్సరంలోనే జపాన్ ఎంబసీ ప్రకటనలు చూడటం మొదలుపెట్టండి.