ఓ గ్రూపు రక్తం, కడుపులో పుండు

వ్యాఖ్యాత: నమస్కారం డాక్టర్ గారూ. పోయిన నెల మా మామయ్యకు అల్సర్ నుంచి రక్తం పోయింది. ఎక్కించడానికి గ్రూపు చూస్తే ఓ పాజిటివ్. పక్క మంచం మీద ఉన్నాయనకూ అదే జబ్బు, అదే గ్రూపు. ఓ గ్రూపువాళ్లకే అల్సర్, అంటే కడుపులో పుండు, ఎక్కువగా వస్తుందా అని అప్పటి నుంచి నాకు అనుమానం పట్టుకుంది.

డాక్టర్: రెండు మంచాలు చూసి ఏదీ తేల్చలేమండీ. మన దగ్గర ఓ గ్రూపువాళ్లు ఎలాగూ ఎక్కువే. అయినా మీ అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. 1954లోనే లండన్‌లో ఇయాన్ ఎయిర్డ్ అనే సర్జన్, ఆయన సహచరులు రోగుల గ్రూపులు లెక్కగట్టి ఈ మాట చెప్పారు. చిన్నపేగు మొదట్లో వచ్చే పుండు ఓ గ్రూపువాళ్లలో మిగతావాళ్లకంటే సుమారు మూడో వంతు ఎక్కువ. స్వీడన్, డెన్మార్క్‌లలో పది లక్షలకు పైగా రక్తదాతలను ఏళ్ల తరబడి గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలోనూ మొగ్గు ఓ గ్రూపు వైపే.

వ్యాఖ్యాత: రక్తానికీ కడుపుకూ ఏమిటి సంబంధం?

డాక్టర్: గ్రూపును నిర్ణయించే చక్కెర గొలుసులు ఎర్రకణాల మీదే కాదు, కడుపు లోపలి పొర మీద కూడా ఉంటాయి. పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా వాటిని పట్టుకునే అక్కడ నిలదొక్కుకుంటుంది. ఓ గ్రూపువాళ్లలోని గొలుసు దానికి బాగా చిక్కుతుందని 1993లో తేలింది. కానీ చాలా రకాల పైలోరి ఎ గ్రూపు గొలుసునూ పట్టుకోగలదని తరువాత తెలిసింది. అంటే, కథంతా ఇదే కాదు.

వ్యాఖ్యాత: మరి రక్తస్రావం?

డాక్టర్: నాకు ముఖ్యమనిపించేది అదే. తెగిన చోట ప్లేట్‌లెట్లు అతుక్కోవాలంటే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ కావాలి. ఓ గ్రూపువాళ్లలో అది సుమారు పాతిక శాతం తక్కువ. మామూలుగా తేడా తెలియదు. పుండు ఒక రక్తనాళాన్ని తొలిచిన రోజున తెలుస్తుంది. పుండు చిల్లు పడి పొట్ట చెక్కలా బిగుసుకుపోయే కేసుల్లో మాత్రం గ్రూపు పాత్ర ఇంత స్పష్టంగా లేదు. ఇంతకీ మీ మామయ్య ఏమైనా మందులు వాడేవారా?

వ్యాఖ్యాత: మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో బిళ్లలు కొనుక్కునేవారు. రెండేళ్లుగా.

డాక్టర్: అదీ సంగతి! ఆ బిళ్లల ముందు గ్రూపు ఎంత? పుండు నుంచి రక్తం పోయే ముప్పును అవి కొన్ని రెట్లు పెంచుతాయి. మలం నల్లగా వచ్చిందా?

వ్యాఖ్యాత: నాలుగు రోజులు తారులా, జిగటగా వచ్చిందట. ఐరన్ బిళ్లల వల్ల అనుకున్నారు.

డాక్టర్: అయ్యో, నాలుగు రోజులు! ఎండోస్కోపీలో పైలోరి కోసం ముక్క తీశారా?

వ్యాఖ్యాత: తీశారు. రిపోర్టు తరువాత వచ్చింది. మేమెవరం విప్పి చూడలేదు.

డాక్టర్: మొదట అది చూడండి. ఉంటే రెండు వారాల మందులు. అవి అయిన నెల తరువాత మళ్లీ పరీక్ష చేయించాలి. అది పోకుండా పుండు మానినా తిరిగి రావచ్చు.

వ్యాఖ్యాత: ఆ కవరు అత్తయ్య బీరువాలో దాచారు. ఇక్కడి నుంచే ఫోను చేస్తాను.